లికర్‌కీ లిక్కర్‌కీ మధ్య ఒక వత్తు

తెలుగులో ఈమధ్య కొత్త రకం వ్యాసం ఒకటి తయారైంది. ఆదివారం అనుబంధాల్లో, యూరప్ వెళ్లొచ్చినవాళ్ల యాత్రా కథనాల్లో కనిపిస్తుంది. ‘ఇటాలియన్ లికర్లు, వాటిని ఆస్వాదించే పద్ధతి’ అన్నది దాని సారాంశం. లిమొన్‌చెల్లోని ఫ్రీజర్‌లో పెట్టాలి, సంబూకాలో మూడు కాఫీ గింజలు వెయ్యాలి, అపెరోల్‌లో నారింజ ముక్క మర్చిపోకూడదు. అంతా ఓపిగ్గా, శ్రద్ధగా చెప్తారు. ఆ శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. ఒళ్లు కూడా మండుతుంది.

ఎందుకు మండుతుందో చెప్తాను. అదే రచయితని, ‘నాయనా, మీ కృష్ణా డెల్టాలో జనం ఏం తాగుతారు, ఎలా తాగుతారు, అది దేంతో చేస్తారు?’ అని అడిగి చూడండి. సమాధానం రాదు. వస్తే నవ్వు వస్తుంది, లేకపోతే నీతిబోధ వస్తుంది. ఇటలీ వాడు తాగితే సంస్కృతి, ఇక్కడివాడు తాగితే సామాజిక సమస్య. అక్కడిది లికర్, ఇక్కడిది లిక్కర్. రాతలో తేడా ఒక్క ‘క’ వత్తు. ఆ వత్తు కింద ఎంత చరిత్ర, ఎంత కులం, ఎంత ఖజానా నలిగిపోయి ఉందో చూడకుండా గ్లాసు ఎలా పట్టుకోవాలో నేర్పడం నాకు నచ్చదు. ఈ వ్యాసం ఆ గొడవ గురించే.

ముందు వాళ్ల సంగతి న్యాయంగా చెప్పుకుందాం. స్పిరిట్‌లో పళ్లో, తొక్కలో, గింజలో, మూలికలో నానబెట్టి, తీపి కలిపితే లికర్. ఐరోపా యూనియన్ చట్టం ప్రకారం సీసా మీద ఆ మాట రాసుకోవాలంటే కనీసం 15 శాతం ఆల్కహాలు, మామూలుగా లీటరుకి కనీసం 100 గ్రాముల పంచదార ఉండాలి. లిమొన్‌చెల్లో నేపుల్స్ పక్కన సముద్రపుటొడ్డు సరుకు: సొరెంతో, అమాల్ఫీ, కాప్రీ. నిమ్మకాయ పసుపు తొక్కని మాత్రం, కింది తెల్ల పొర తగలకుండా పల్చగా చెక్కుతారు. దాన్ని 95 శాతం ఆల్కహాలులో కొన్నాళ్లు ఊరనిచ్చి, వడకట్టి, పంచదార పాకం కలుపుతారు. ఆ ఆల్కహాలు అక్కడ మామూలు సూపర్ మార్కెట్లో దొరుకుతుంది కాబట్టి ఇంట్లో అమ్మమ్మలే చేస్తారు. భోజనం అయ్యాక, చల్లగా, చిన్న గ్లాసులో, ఒకటి.

నొచీనో అని ఇంకొకటుంది, మోదెనా వైపు. పచ్చి వాల్‌నట్ కాయలు గట్టిపడక ముందే, జూన్ 24న సెయింట్ జాన్ పండగ రోజుల్లో కోసి, స్పిరిట్‌లో వేసి నెలల తరబడి వదిలేస్తారు. నల్లగా, చేదుగా వస్తుంది. సంబూకాకి సోంపు వాసన. అందులో వేసే మూడు గింజలూ ఆరోగ్యం, ఆనందం, ఐశ్వర్యం అంటారు. అమరెత్తో బాదం రుచి ఇస్తుంది. కానీ బాగా పేరున్న దీసరోన్నోలో ఆ రుచి ఆప్రికాట్ గింజల లోపలి పప్పుది. కంపారి, అపెరోల్ భోజనానికి ముందు, సోడాతో, నారింజ ముక్కతో. 1860లో పుట్టిన కంపారి ఎరుపు చాలాకాలం కొచినీల్ పురుగుల నుంచి తీసిన రంగు. 1919లో పాదువాలో పుట్టిన అపెరోల్‌లో ఆల్కహాలు 11 శాతమే. భోజనం తర్వాత తాగే చేదు లికర్లని అమారో అంటారు. 1845లో మిలాన్‌లో పుట్టిన ఫెర్నెట్ బ్రాంకాలో 27 రకాల మూలికలు ఉంటాయని దాన్ని తయారుచేసేవాళ్లు చెప్పుకుంటారు. సిసిలీ వాళ్ల అవెర్నా 1868 నాటిది. ఇవి అజీర్తికి మందులుగా మొదలై అలవాటుగా స్థిరపడ్డాయి.

ఇక్కడిదాకా మన అనుబంధాల రచయితలూ చెప్తారు. వాళ్లు చెప్పంది ఒకటుంది. ఈ సీసాల్లో ప్రతిదానికీ ఒక ఊరు ఉంది. లిమొన్‌చెల్లో అంటే కొండచరియల మీద మెట్లు మెట్లుగా నిమ్మతోటలు వేసిన రైతుల పంట. సొరెంతో నిమ్మకీ, అమాల్ఫీ తీరపు నిమ్మకీ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ సీసా అమ్ముడైతే ఆ కొండ మీద తోట బతుకుతుంది. తాగేవాడికి అది ఎక్కడ కాసిందో తెలుసు, కాయించినవాడికి ఎక్కడ తాగుతున్నారో తెలుసు. మన వ్యాసకర్తలు గ్లాసుని దిగుమతి చేసుకున్నారు, ఫ్రీజర్‌ని దిగుమతి చేసుకున్నారు. ఈ సంబంధాన్ని మాత్రం అక్కడే వదిలేసి వచ్చారు.

ఇది సాహిత్య పత్రిక కాబట్టి ఇంకో సంగతి. బెనెవెంతో అనే ఊళ్లో 1860 నుంచి స్ట్రేగా అనే లికర్ చేస్తున్నారు. స్ట్రేగా అంటే మంత్రగత్తె. ఆ ఊరికి మంత్రగత్తెల కథలు ఎక్కువ. పసుపు రంగు కుంకుమపువ్వుది. ఆ కుటుంబానికి చెందిన గ్విదో అల్బెర్తీ, రచయిత్రి మరియా బెల్లోంచీ కలిసి 1947లో ఒక నవలా పురస్కారం పెట్టారు. అదే ప్రేమియో స్ట్రేగా, ఇవాళ ఇటలీలో పేరున్న సాహిత్య బహుమతుల్లో మొదటి వరసలోది. ఎల్సా మొరాంతే, నతాలియా గింజ్‌బుర్గ్, ప్రీమో లేవీ, ఉంబెర్తో ఎకో అందరూ అందుకున్నారు. గెలిచినవాళ్లు వేదిక మీదే ఆ పసుపు సీసా ఎత్తి ఒక గుక్క తాగడం ఆనవాయితీ. ఇప్పుడు ఒక్క నిమిషం మన ఊళ్లో ఊహించుకోండి. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ‘తాటికల్లు సాహితీ పురస్కారం’. నవ్వొచ్చింది కదా? ఆ నవ్వు ఎక్కణ్నించి వచ్చిందో వెతకడమే నా పని.

మనవైపు లెక్క చూద్దాం. ఇంట్లో చేసే లిమొన్‌చెల్లోకి మూలం వాసనా రుచీ లేని న్యూట్రల్ స్పిరిట్. మన వైన్ షాపులో దొరికే చౌక క్వార్టర్‌కి మూలమూ న్యూట్రల్ స్పిరిటే. చెరకు మడ్డి నుంచో, బియ్యపు నూకల నుంచో తీస్తారు. చెరకూ మనదే, నూకలూ మనవే. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ స్వాతంత్ర్యానికి ముందు నుంచీ ఉంది, వరి సంగతి డెల్టాకి ఎవరూ చెప్పక్కర్లేదు. అంటే మొదటి మెట్టు ఇద్దరిదీ ఒకటే. రెండో మెట్టు దగ్గర దారి చీలింది. వాడు ఆ స్పిరిట్‌లో తన కొండ మీది నిమ్మతొక్క వేసి, ఇది నిమ్మ లికర్ అని రాశాడు. మనం దాంట్లో రంగు, ఎసెన్స్ వేసి బ్రాందీ అని రాశాం. బ్రాందీ అంటే ద్రాక్ష. ఆ చౌక సీసాలో ద్రాక్ష ఎంతుందని అడిగినవాడు లేడు. అమ్మే కొట్టు పేరు ‘వైన్స్’. అందులో వైన్ కావాలంటే దుమ్ము దులిపి వెతకాలి. పేరు దగ్గర్నుంచి పదార్థం దాకా అబద్ధమే అయిన సరుకుని నిజాయితీగా తాగమని ఎవరికి చెప్తాం?

నేను సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి. మా పనిలో చిన్న ప్రోగ్రాంలో కూడా ఏ ఏ లైబ్రరీలు వాడామో జాబితా పెట్టకపోతే ఊరుకోరు. మనిషి కాలేయంలోకి పోయేదానికి ఆ పాటి జాబితా లేదు. ఇక్కడ ఇంకో చిన్న లెక్క. మన క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం. అందులో అచ్చమైన ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు. 30 శాతం లిమొన్‌చెల్లో 40 మిల్లీలీటర్ల గ్లాసులో 12. ఒక మనిషి పని దిగి ఇంటికెళ్లే దారిలో, షాపు పక్కన నిలబడి, ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ల ప్యాకెట్ కలిపి పది నిమిషాల్లో ముగించేది, వాళ్లు భోజనం తర్వాత గంటసేపు కబుర్లు చెప్పుకుంటూ తాగేదానికి ఆరు రెట్లకి పైన. ఇది ఆ మనిషి గుణం కాదు. కూర్చోడానికి చోటు లేదు, తినడానికి పక్కన ఏమీ లేదు, ఇంట్లో తాగితే పరువు లేదు. తొందరగా తాగి తొందరగా దాచుకోవాల్సిన ఏర్పాటు మనమే చేసి పెట్టాం.

ఆ ఏర్పాటు ఎలా వచ్చింది? మద్యం గురించి మనకి రెండే భాషలు తెలుసు. ఒకటి పాపం భాష, రెండోది ఆదాయం భాష. గత ఎనభై తొంభై ఏళ్లుగా ప్రభుత్వాలు ఈ రెండిటి మధ్యే ఊగుతున్నాయి. రాజాజీ మద్య నిషేధ చట్టం 1937లో సేలం జిల్లాలో మొదలైంది, 1948కి మద్రాసు రాష్ట్రమంతా వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం పుట్టాక తొలి ప్రభుత్వం పడిపోయింది కూడా దీని మీదే. 1954 నవంబరులో నిషేధం గొడవ మీద అవిశ్వాస తీర్మానం వచ్చి, ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలింది. తుపాకీకి గుండె చూపించిన ఆంధ్రకేసరి, కల్లుకుండ దగ్గర కుర్చీ దిగారు. ఆ రోజుల్లో గౌతు లచ్చన్న అడిగిన ప్రశ్న చిన్నది: నిషేధం పెడితే చెట్టెక్కేవాడు ఏం తిని బతకాలి? దానికి జవాబు అప్పుడూ సరిగ్గా రాలేదు, ఇప్పుడూ రాలేదు.

1980ల్లో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాని ప్యాకెట్లలో ఊరూరా పారించింది. పేరు చూడండి, ఎంత సంస్కృతమో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచి సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో ఎత్తివేత. 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వ దుకాణాలు, ఎవరూ కనీవినీ ఎరగని బ్రాండ్లు. 2024 అక్టోబరు నుంచి మళ్లీ ప్రైవేటు దుకాణాలు, 99 రూపాయల క్వార్టర్. ఇన్ని మార్పుల్లో ఒక్కసారైనా, ఒక్క పార్టీ అయినా, ‘ఆ సీసాలో ఉన్నదేంటి, అది మన పొలానికి ఏమవుతుంది?’ అని అడిగిందా? ఎవరు అమ్మాలి, ఎంతకి అమ్మాలి, వచ్చింది ఎవరికి పోవాలి. గొడవంతా ఆ మూడింటి మీదే.

ఈ అజ్ఞానానికి ప్రాణాలు పోయాయి కూడా. 2015 డిసెంబరులో విజయవాడ కృష్ణలంకలో ఒక బార్‌లో మందు తాగి జనం చచ్చిపోయారు. 2025 అక్టోబరులో నగరాన్ని ఆనుకుని ఉన్న ఇబ్రహీంపట్నంలో నకిలీ మద్యం గుట్టు బయటపడింది. ఇప్పుడు సీసా మీద కోడ్ స్కాన్ చేసి అసలుదో నకిలీదో చూసుకోమంటున్నారు. మంచిదే. అది అసలు సీసా అని ఫోన్ చెప్తుంది. అసలు సీసాలో అసలేముందో ఫోన్ కూడా చెప్పదు.

ఇక తాటిచెట్టు. గుడివాడ నుంచి బందరు దాకా, దివిసీమ దాకా, చేలగట్ల మీద వరసగా నిలబడి ఉంటుంది. ముంజలు తింటాం, తాటిపండు తింటాం, తేగలు కాల్చుకుంటాం, ఆకు ఇంటికప్పు అయింది, ఒకప్పుడు కావ్యాలు రాసుకున్నదీ దాని ఆకు మీదే. గెలకి గాటు పెడితే కారే నీరు మాత్రం మనకి అంటరానిది. తెల్లవారుజామున తియ్యగా ఉన్నది, ఎండెక్కేసరికి పొంగి, సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది. పొద్దుటిదీ సాయంత్రందీ రెండు వేర్వేరు పానీయాలు. నిలవుండదు, లారీ ఎక్కదు, పక్క జిల్లాకి పోదు. చెట్టు ఉన్న చోటే తాగాలి. ఇటలీ వాళ్లు ఇంత కష్టపడి సీసా మీద రాసుకునే ఊరి పేరు, కల్లుకి పుట్టుకతోనే ఉంది. అదే దాని నేరమైంది. నిలవుండనిదాన్ని గోడౌన్‌లో లెక్కపెట్టలేం, లెక్కపెట్టలేనిదాని మీద పన్ను దండుకోవడం కష్టం. క్వార్టర్ సీసాకి ఆ ఇబ్బంది లేదు. కాబట్టి ప్రభుత్వాల ప్రేమ సీసా మీద, నీతి చెట్టు మీద.

దీనికి కొసమెరుపు 2025లో వచ్చింది. రాష్ట్రంలో మద్యం దుకాణాల్లో 10 శాతం గీత కులాలకి కేటాయించారు, లైసెన్సు ఫీజు సగానికి తగ్గించి. సామాజిక న్యాయం అన్నారు. వ్యాపారంలో వాటా దక్కడం మంచిదే, నేను కాదనను. కానీ దాని అర్థం ఒకసారి విప్పి చూడండి. తాతలనాటి నుంచి మోకు కట్టి చెట్టెక్కిన చేతులకి, నువ్విక చెట్టు దిగు, వచ్చి కౌంటర్ వెనక కూర్చుని ఈ రంగునీళ్ల సీసాలు అమ్ము అని చెప్పాం. అతని విద్యకి విలువ కట్టలేదు, అతని కులానికి కోటా కట్టాం. చెట్టు మీంచి జారిపడితే పరిహారం, దిగితే దుకాణం. చెట్టు మీద ఉన్నంతసేపూ మాత్రం అతనెవరికీ కనపడడు. సొరెంతో నిమ్మరైతుకి ఎవరైనా ఇలా, నిమ్మతోట మానేసి విస్కీ అమ్ముకో, ఫీజు సగమే అని చెప్తే ఊరుకుంటారా?

చెయ్యదలుచుకుంటే కుదరదా అంటే పక్కనే ఉదాహరణలున్నాయి. గోవా జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2016లో ఆ రాష్ట్రం దాన్ని తన వారసత్వ పానీయంగా ప్రకటించుకుంది. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ పెట్టారు. మన దగ్గర రంపచోడవరం పక్కన పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధనా స్థానం తాటి మీదా నీరా మీదా ఏళ్ల తరబడి పనిచేస్తోంది. కొండపల్లి బొమ్మకి గుర్తింపు తెచ్చుకున్నాం, బంగినపల్లికి 2017లో, ఆత్రేయపురం పూతరేకుకి 2023లో తెచ్చుకున్నాం. పూతరేకు నాలుక మీద కరిగితే గర్వం, పక్క చెట్టు మీది కుండ పేరెత్తితే సిగ్గు.

ఈ సిగ్గులో సాహిత్యానికి వాటా ఉంది. ఒకప్పుడు ఇలా లేదు. ‘కన్యాశుల్కం’లో సారా దుకాణం రంగం గుర్తు తెచ్చుకోండి. బైరాగి వేదాంతం, హెడ్డు కానిస్టేబులు వ్యవహారం, జనం కబుర్లు. గురజాడ తాగుడుని మెచ్చుకోలేదు. కానీ తాగేచోటుని ఒక లోకంలా చూశాడు. అక్కడ మాట్లాడుకునేవాళ్లు మనుషులు. తర్వాత్తర్వాత మనకి రెండు బొమ్మలే మిగిలాయి. ఒకటి 1953 నాటి దేవదాసు: ప్రేమ విఫలమైనవాడు, శాలువా, దగ్గు. రెండోది కథల్లో ఇంటికొచ్చి పెళ్లాన్ని కొట్టే మొగుడు. మొదటివాడి మీద జాలిపడాలి, రెండోవాణ్ణి అసహ్యించుకోవాలి. ఈ ఇద్దరికీ మధ్య, పండగ పూట బావమరుదులతో రెండు ముంతలు తాగి, చేపల పులుసు తిని, పడుకుని, పొద్దున్నే చేలోకి పోయే మనిషి ఒకడు డెల్టా అంతా ఉన్నాడు. మన కథల్లోకి వాడు రావడం ఎంత అరుదో లెక్కపెట్టుకోండి.

భాషే చూడండి. ఊరగాయ గురించి మనకి ఎన్ని మాటలు! ఆవ ఘాటు, మెంతి చేదు, ఊట, పులుపు, వగరు, కమ్మదనం, జివ్వుమనడం. కొత్తావకాయకీ మాగినదానికీ తేడా చెప్పడానికి మా ఇళ్లల్లో సభలే జరుగుతాయి. మరి తాగేదాని గురించి? కిక్కు, నిషా, ఎక్కింది, దిగలేదు. అన్నీ తల మాటలు, నాలుక మాట ఒక్కటీ లేదు. ఉప్పూ నూనే వేసి మామిడికాయని ఏడాది నిలవబెట్టిన శాస్త్రం మనది. తొక్కని స్పిరిట్‌లో నిలవబెట్టిన శాస్త్రం వాళ్లది. తెనాలి, ఏలూరు మార్కెట్లలో నిమ్మకాయలు గుట్టలు. నూజివీడు రసాలు ధర లేక తోటలో రాలిపోయే సంవత్సరాలుంటాయి. మనకి లేనిది పంట కాదు, పనితనమూ కాదు. దాని గురించి సిగ్గుపడకుండా మాట్లాడే భాష.

చేదుకి మనం కొత్తవాళ్లమా? కాదు. ఏడాదిని వేపపువ్వుతో మొదలుపెట్టే జనం మనం. భోజనం చివర చిన్న మోతాదులో, వగరుగా ఘాటుగా, భుక్తాయాసం తీరడానికి, అందరూ కలిసి కూర్చుని తీసుకునేది మనకీ ఉంది. తాంబూలం. ఇటలీ వాడు డిజెస్తీవో అనేదాని పని సరిగ్గా అదే. ఆ మాటకొస్తే అమారోకి అచ్చమైన బంధువు గవర్నరుపేట ఆయుర్వేదం కొట్లో అరమీద ఉంది. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం, కుమార్యాసవం. మూలికల కషాయం, బెల్లం, పులియబెట్టడం. అందులో తనంతట తాను పుట్టిన ఆల్కహాలు ఉంటుందని లేబులే చెప్తుంది. బాలింతలకి ఇచ్చాం, జీర్ణం కాని ముసలివాళ్లకి ఇచ్చాం. చిన్న మూతతో కొలిచి, భోజనం తర్వాత, నీళ్లు కలిపి. జీవితంలో ‘మందు’ ముట్టనని ఒట్టేసిన మామ్మలు ఆ మందు మాత్రం మహారాజులా పుచ్చుకున్నారు. మోతాదు, వేళ, భోజనంతో సంబంధం, లోపల ఏముందో తెలియడం. ఇటలీ దగ్గర నేర్చుకోవాల్సినవి ఈ నాలుగే అయితే, అవి మామ్మ దగ్గర ఎప్పుడో ఉన్నాయి.

ఇక్కడ నన్ను ఆపి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. దూబగుంట ఆడవాళ్లని ఏం చేస్తావు? రుచి, సంస్కృతి, నిమ్మతొక్క అంటూ కబుర్లు చెప్పడం మగవాళ్లకి, అందులోనూ జీతగాళ్లకి, సుళువే. కూలిడబ్బులు దుకాణంలో పోసి వచ్చినవాడి ఇంట్లో ఈ వ్యాసం చదివి వినిపించగలవా?

ఈ ప్రశ్నని తప్పించుకునే హక్కు నాకు లేదు. ముందుగా, ఆ ఉద్యమం సాహిత్యంతోనే మొదలైందని మర్చిపోకూడదు. అక్షరాస్యత కార్యక్రమం వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం. చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు అందులో తమని చూసుకుని లేచారు. బహుమతులు పొందిన నవలలెన్నో చెయ్యలేని పని ఆ చిన్న పాఠం చేసింది. వాళ్లు అడిగింది రుచి లేని ప్రపంచం కాదు. ఊరి నడిమధ్య, ప్రభుత్వం చేతి మీదుగా, ఇంటి కూలిని తాగేసే దుకాణం పోవాలన్నారు. జవాబుగా ప్రభుత్వం చేసిందేంటి? ప్యాకెట్ తీసేసి, కొన్నాళ్లకి సీసా పెట్టింది. సారా పోయింది, ఆదాయం పోలేదు. సీతమ్మకి జరిగిన మోసం అది. నేను మాట్లాడుతున్నది ఆ సీసాకి వ్యతిరేకంగానే.

ఆరోగ్యం సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఇంత తాగితే ప్రమాదం లేదని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. ఇటలీ దేవలోకమేమీ కాదు, అక్కడా కాలేయాలు పాడవుతాయి, అక్కడా సంసారాలు కూలతాయి. చేదు మూలికలు వేసినంత మాత్రాన అమారో ఔషధం అయిపోదు. అసలు ముట్టనివాడు అందరికన్నా తెలివైనవాడు, అతనికి నా దండం. కానీ ముట్టేవాళ్లు లక్షల్లో ఉన్న చోట, ముట్టొద్దు అన్న ఒక్క వాక్యంతో చేతులు దులుపుకుని, పక్క కౌంటర్‌లో పన్ను వసూలు చేసుకోవడం నీతి కాదు. అది నీతికి వేసిన రంగు, బ్రాందీకి వేసినట్టే. ఇంట్లో సారా కాయమని కూడా నేను అనడం లేదు. తెలియక కాస్తే కళ్లు పోతాయి, ప్రాణాలు పోతాయి. అది నేరంగా ఉండటమే మేలు.

మరి ఏం కావాలంటావు అంటే, పెద్ద కోరికలేం లేవు. ప్రతి సీసా మీద అందులోని స్పిరిట్ దేన్నుంచి తీశారో, రంగేదో, ఎసెన్స్ ఏదో తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో రాయాలి. ద్రాక్ష లేనిదాన్ని బ్రాందీ అనకూడదు. కల్లుకి చెట్టు పేరు, ఊరి పేరు ఉండాలి. కల్తీ చేస్తే పట్టుకునే పరీక్ష ఉండాలి, చెట్టెక్కేవాడికి అతని విద్య మీద హక్కు ఉండాలి. దుకాణం ఎక్కడ పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో, ఆ వీధి ఆడవాళ్లు చెప్పాలి, వేలంపాట చెప్పకూడదు. ఉద్యాన శాఖ నిమ్మ, మామిడి మిగులు గురించి మీటింగులు పెట్టుకునేటప్పుడు, ఎక్సైజ్ శాఖని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టాలి. ఇప్పటికి వాళ్లకి ఒకరి సంగతి ఒకరికి పట్టదు.

రచయితలకి ఒక్క మాట. ఇటలీ గ్లాసు గురించి రాయండి, వద్దనను. లిమొన్‌చెల్లో నిజంగానే బాగుంటుంది, అమారో అలవాటైతే వదలబుద్ధి కాదు. కానీ అది రాసిన కలంతోనే, పామర్రు పక్క చేలగట్టు మీద పొద్దున్నే దిగిన కుండ ఎంత తియ్యగా ఉందో, మధ్యాహ్నానికి ఏమైందో, అది దింపినవాడి మోకాళ్లు ఎలా ఉన్నాయో, ఆ ఇంటి ఇల్లాలు దాని గురించి ఏమంటుందో కూడా రాయండి. నాలుక మాటలు వెతకండి. లేకపోతే పుట్టించండి, భాష ఉన్నది అందుకే. పాపం భాషలో తీర్పులు చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఆదాయం భాషలో లెక్కలు రాసేవాళ్లు సచివాలయం నిండా ఉన్నారు. మూడో భాష రాయాల్సింది మనమే. ఆ భాష పుట్టేదాకా, మన డెల్టాలో తాగేవాడు తానేం తాగుతున్నాడో తెలియకుండా తాగుతాడు, తిట్టేవాడు తానేం తిడుతున్నాడో తెలియకుండా తిడతాడు, మధ్యలో పెట్టె నింపుకునేవాడికి మాత్రం అన్నీ తెలుసు.